నాన్న బోర్డు, తీతువు గుడ్లు

మార్చి 2

మా అమ్మడికి, నాన్న నిండు నోటితో దీవించి రాస్తున్న సంగతులు.

ఈ ఉత్తరం నిలబడి చదవకు తల్లీ. ముందు కూర్చో. అల్లుడుగారు డ్యూటీ నుంచి వచ్చి ఉంటే ఆయన్నీ కూర్చోబెట్టు. నీ కూతురు చేసిన ఘనకార్యం విన్నాక నిలబడ్డం కష్టం. నిన్నటి నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. మంగలి షాపులో చెప్పాను, పాల దుకాణంలో చెప్పాను. బస్టాపులో ఒకాయన గొడుగు ముడుచుకుంటుంటే, ఆయనెవరో నాకు తెలియకపోయినా ఆయనకీ చెప్పాను. పాపం, బస్సు తప్పిపోయింది ఆయనకి.

మొదటి నుంచి చెబుతాను. ఐదో తరగతి టీచరమ్మ పిల్లల చేత ఒక పత్రిక రాయిస్తోంది. మన వీధి చివర పార్కులో ఏయే ప్రాణులున్నాయో పిల్లలే వెతకాలి, పిల్లలే చూడాలి, పిల్లలే రాయాలి. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే ఒప్పుకోదట. పార్కును ముక్కలు ముక్కలుగా పంచి చీటీలు వేసింది. ఒకరికి కొలను వచ్చింది, ఒకరికి పూల మడులు, ఒకరికి పెద్ద చెట్ల వరస. మన పిడుగుకు ఏం వచ్చిందనుకున్నావు? ఆ మూల పాడుబడ్డ స్కేటింగ్ గ్రౌండు. చిన్నప్పుడు నువ్వు మోకాలు చీరుకుని వచ్చింది అక్కడే. ఇప్పుడు సిమెంటు పగిలి కంకర పైకి తేలింది. గడ్డి కూడా మొలవదు. చుట్టూ ముళ్ళకంచె వేసి వదిలేశారు.

చీటీ పట్టుకుని ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది. "తాతయ్యా, అందరికీ కప్పలూ ఉడతలూ, నాకు మాత్రం రాళ్ళు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "రాళ్ళయితే రాళ్ళ గురించే రాయవే. చూసేవాళ్ళకి చూసినంత" అన్నాను. ఏదో ఊరడింపుకి అన్న మాట. అది మాత్రం ఆ మాట పట్టుకుని రోజూ బడి వదిలాక కంచె బయట గొంతుకూర్చుని చూడ్డం మొదలుపెట్టింది. మొన్న సాయంత్రం ఒగరుస్తూ పరుగెత్తుకొచ్చింది. ఆ కంకరలో నాలుగు రాళ్ళు కనిపెట్టింది. నిన్న టీచరమ్మ వెళ్ళి చూసి, దీన్ని క్లాసులో నిలబెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించింది. ఆ నాలుగు రాళ్ళూ అసలు ఏమిటంటే, కథంతా అందులోనే ఉంది

కాగితం అయిపోయింది. నలభై ఏళ్ళు బోర్డులు రాసిన చెయ్యి, అక్షరాలు చిన్నవి రావు. మిగతాది ఇంకో ఉత్తరంలో.

మీ నాన్న


మార్చి 5

అమ్మడూ, మొన్న ఎక్కడ ఆపానో అక్కడి నుంచే దీవెనలు.

అవి రాళ్ళు కావు. గుడ్లు. తీతువు పిట్ట గుడ్లు.

ఆ పిట్ట గూడు కట్టదట. కంకరలో చిన్న గుంట చేసి, రాళ్ళ రంగులో, రాళ్ళ మచ్చలతో గుడ్లు పెడుతుంది. పక్కన నిలబడినా కనపడవు. పెద్ద మనుషులం ఎంతమందిమి రోజూ ఆ కంచె పక్కనుంచి నడుస్తాం, ఒక్కడికైనా కనపడ్డాయా? నేనూ నడుస్తాను. నేను చూసింది కంచెకి పట్టిన తుప్పు. రంగు వేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. నీ కూతురు గుడ్లు చూసింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే.

ఇంకా విను. ఎండ ముదిరినప్పుడు ఆ పిట్ట ఏం చేస్తుందో కూడా మన పిల్లే కనిపెట్టింది. దూరంగా కొలను దగ్గర కుళాయి కారుతుంటుంది చూడు, అక్కడికి వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకుని, తడి పొట్టతో తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. గుడ్లకి చల్లదనం కోసం. ఆ వేళ రెండో పిట్ట కాపలా. తల్లీ తండ్రీ వంతులు వేసుకుంటారు. అచ్చం నువ్వూ అల్లుడుగారూ డ్యూటీలు మార్చుకున్నట్టు.

ఇదంతా పిల్లలు వాళ్ళ పత్రికలో రాస్తున్నారు. తల్లి పిట్ట దూరం వెళ్ళేది నీళ్ళ కోసమే అని రాసింది మన పిడుగు. నిన్ను తలుచుకుని రాసిందో ఏమో, నేను అడగలేదు.

ఒక్కటే తక్కువ. "ఎవరికీ చెప్పకు తాతయ్యా" అంటుంది అస్తమానం. పిల్లకి సిగ్గు. మన ఇంటి పిల్లలకి గొప్ప చెప్పుకోవడం చేతకాదు, నువ్వూ అంతే. క్రేను పరీక్ష పాసయిన సంగతి నువ్వు నాకు వారం తర్వాత రాశావు. ఆ చెప్పుకునే పని మనమే చెయ్యాలి.

ఇట్లు, కాళ్ళు ఇంకా నేల మీద లేని
నాన్న


మార్చి 6

నాన్నా,

రెండో తారీఖు ఉత్తరం అందింది. నువ్వన్నట్టు కూర్చునే చదివాను, కాకపోతే నేలకి ఎనిమిది అంతస్తుల ఎత్తున, క్రేను గదిలో కూర్చుని. కింద ఓడ ఖాళీ అయ్యింది, ఇంకోటి రావడానికి కాస్త టైము ఉంది.

రాళ్ళేమిటి నాన్నా? ఎవరి తలైనా పగలగొట్టిందా? చప్పట్లు ఎందుకు కొట్టించారు? నువ్వు అసలు మాట వచ్చే చోట కాగితం అయిపోయింది అంటావు. మీ అల్లుడు రెండుసార్లు చదివి, "మీ నాన్న మాటల్లో సంతోషం ఉంది కాబట్టి రక్తం వచ్చి ఉండదులే" అన్నారు. అంతకంటే ధైర్యం చెప్పలేకపోయారు.

పరీక్షలు అయ్యేదాకా పిల్లను నీ దగ్గర ఉంచుతానంటే అందరూ "తాత గారాబం చేస్తాడు" అన్నారు. నాకు ఆ భయం లేదు. నువ్వు నన్ను పెంచలేదా? నాకున్న భయం ఒక్కటే, నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీ సంబరం చూస్తే రేపో మాపో పార్కులో బోర్డు రాసి కట్టేసేలా ఉన్నావు. కట్టు, కట్టు. నీడ అక్షరాలతో కట్టు, పక్క ఊరికి కూడా కనిపించాలి.

ఆ రాళ్ళ సంగతి మాత్రం వెంటనే రాయి.

నీ
అమ్మడు


మార్చి 9

నాన్నా,

నీ రెండో ఉత్తరం ఇవాళ వచ్చింది. గుడ్లా. నేనేదేదో ఊహించుకుని మూడు రోజులు అన్నం సయించక ఉంటే.

మా క్వార్టర్సులో పక్కింటి వాళ్ళకి కూడా చదివి వినిపించాను, అంటే నేనూ నీ కూతుర్నే అన్నమాట. మీ అల్లుడు ఆ తడి పొట్ట సంగతి దగ్గర ఆగిపోయి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పిల్ల గుర్తొచ్చినప్పుడు ఆయన అలాగే చేస్తారు. కళ్ళజోడు తుడుచుకోవడం అయ్యాక "నా కూతురే" అన్నారు. నాకు మాత్రం కాదన్నట్టు.

కానీ నాన్నా, ఒక మాట. అది సిగ్గుతో అన్న మాట కాదు. నాకు తెలుసు దాని సంగతి. ఎవరికీ చెప్పొద్దంటే నిజంగానే చెప్పొద్దని. ఆ గుడ్లు నేల మీద ఉన్నాయి. నలుగురు వస్తే పిట్ట లేచిపోతుంది, అయిదో వాడి కాలు గుడ్డు మీదే పడుతుంది. నేను పని చేసే చోట కింద నుంచి ఎంత అరిచినా నాకు వినపడదు. కింద నిలబడ్డ సిగ్నలు మనిషి చెయ్యి చూపిస్తేనే ఇనుప పెట్టె కదులుతుంది. ఎంత పెద్ద బరువైనా నోరెత్తకుండానే దిగుతుంది ఇక్కడ. పిల్ల నీకు చెయ్యి చూపిస్తోంది. చూడు.

మొన్నటి ఉత్తరంలో బోర్డు మాట నవ్వులాటకి రాశాను. నీకు చెప్పాలా, తెలిసే ఉంటుంది.

అమ్మడు


మార్చి 10

బంగారు తల్లికి, నీ మాట జవదాటని తండ్రి రాస్తున్నది.

ఆరో తారీఖు ఉత్తరం నిన్న అందింది. నువ్వన్న మాట చదవగానే అనుకున్నాను, ఈ ఆలోచన నాకెందుకు రాలేదా అని. బోర్డు కట్టు, నీడ అక్షరాలతో కట్టు అన్నావు. కట్టాను.

అటక మీద పాత రేకు ఒకటి ఉంది, ఒకప్పటి బట్టల కొట్టుది. గీకి, పసుపు ఎనామిల్ రెండు పూతలు వేశాను. సుద్దతో గీతలు కొట్టి, ఎర్ర అక్షరం, నల్ల నీడ. చెయ్యి వణకలేదు తల్లీ. రిటైరయ్యాక నా బ్రష్షు ఇంత హాయిగా పరుగెత్తడం ఇదే. "తీతువు పిట్ట గుడ్లు ఇక్కడ. కనిపెట్టింది ఐదో తరగతి అమ్మాయి." కింద ఒక పెద్ద బాణం గుర్తు. ఈ పొద్దున పిడుగు బడికి వెళ్ళగానే తోటమాలిని పిలుచుకెళ్ళి స్కేటింగ్ గ్రౌండు కంచెకి తీగలతో బిగించి కట్టాను. ఆయన "ఎవరినైనా అడిగారా బాబాయ్" అన్నాడు. "మా అమ్మాయి చెప్పింది" అన్నాను.

అప్పుడే పదిమంది ఆగి చదువుతున్నారు. ఒకాయన కంచె మీంచి వంగి చూస్తున్నాడు. ఒకామె బాబును భుజానికెత్తుకుని చూపిస్తోంది. మంగలి షాపు మూసేసి మరీ వచ్చాడు. నా బోర్డు ముందు ఇంత గుంపును నేను సినిమా హాలు రోజుల తర్వాత చూడలేదు.

ఆపేస్తున్నాను. బడి వదిలే వేళయింది. ఆ బోర్డు చూసినప్పుడు పిల్ల ముఖం నేను చూడాలి.

గర్వంతో
నాన్న


మార్చి 12

అమ్మడికి,

అందరం క్షేమం. నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం ఇవాళ వచ్చింది. బోర్డు తీసేశాను. పిడుగు నాతో మాట్లాడటం లేదు. ఇక్కడ ఎండ ఎక్కువగా ఉంది.

నాన్న


మార్చి 16

నాన్నా,

ఏమైంది? నీ ఉత్తరం రెండు వరుసలకి అయిపోవడం నేను పుట్టాక ఇదే మొదటిసారి. అమ్మ పోయినప్పుడు కూడా నాలుగు పేజీలు రాశావు.

బోర్డు కట్టావని చదివి తల పట్టుకున్నాను, తీసేశావని చదివి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నిచ్చెన మీంచి పడ్డావా? చేతికేమైనా తగిలిందా? పిల్ల మాట్లాడటం లేదంటే జ్వరమా, గొంతు నొప్పా? నేను మాత్రం ఆ జోకు రాయకుండా ఉండాల్సింది, నీకు జోకు రాస్తే మూడో రోజుకి రంగు ఆరుతుందని తెలిసి కూడా. మీ అల్లుడు సెలవు అడుగుతానంటున్నారు. నొప్పుల మందు సీసా ఒకటి పార్సిలు చేశారు, ఎక్కడ రాయాలో నువ్వే చూసుకో.

ఉన్నదున్నట్టు రాయి. పెద్ద అక్షరాలతో రాయి, ఎన్ని కాగితాలైనా పర్వాలేదు.

అమ్మడు


మార్చి 20

అమ్మడూ, మందు సీసా అందింది. రాసుకోవడానికి నొప్పున్న చోటు ఒంటి మీద లేదు. నోరు కాస్త తగ్గింది, అంతే. ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాస్తాను.

ఆ సాయంత్రం పిల్ల ముఖం చూడాలని కంచె దగ్గర నిలబడ్డాను. చూశాను. బోర్డు చదివింది. నావైపు కూడా చూడకుండా పరుగెత్తింది. అప్పటికే కొందరు కంచె దాటి లోపలికి వెళ్ళారు. గుడ్లు ఎక్కడో తెలియక కంకరంతా తొక్కుతూ వెతుకుతున్నారు. పిట్టలు రెండూ దూరంగా చెట్ల మీద తిరుగుతూ గోల గోల. ఎండలో గుడ్లు ఉత్తినే పడి ఉన్నాయి, పైన కూర్చునే దిక్కు లేదు. మన పిడుగూ, దాని స్నేహితులు ఇద్దరూ కంచె కింద నుంచి దూరి, గుడ్ల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. మోకాళ్ళెత్తు పిల్లలు. "దయచేసి బయటికి వెళ్ళండి, నేల చూసుకుని వెళ్ళండి" అని ఒక్కొక్కరికీ చెబుతోంది. ఏడవకుండా చెప్పింది. పెద్దవాళ్ళు సిగ్గుపడి ఒక్కరొక్కరే బయటికొచ్చారు. కానీ అప్పటికే ఒక గుడ్డు పోయింది. ఎవరి చెప్పు కింద పడిందో వాళ్ళకే తెలియదు. ఎవరిదైనా దారి చూపింది నా బాణం.

నేను తీగలు విప్పుతుంటే చేతులు కోసుకున్నాయి, అది లెక్క కాదు. బోర్డు చంకన పెట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నా దగ్గరికొచ్చి ఒకే మాట అంది.

"ఆ పిట్ట గుడ్ల దగ్గర నోరెత్తదు తాతయ్యా. దూరం వెళ్ళి అరుస్తుంది. నువ్వు గుడ్ల నెత్తిన నిలబడి అరిచావు."

అంతే. అప్పటి నుంచి కంచం పెడితే తింటుంది, జడ వేస్తే తల వంచుతుంది, మాట లేదు. ఇంట్లో గోడ గడియారం ఒక్కటే మాట్లాడుతోంది.

పొద్దు పోక పార్కుకు వెళ్ళి కంచెకి దూరంగా కొలను వైపు బెంచీ మీద కూర్చుంటున్నాను. నిన్న ఆ తీతువు నేరుగా నా దగ్గరికే వచ్చింది. గడ్డిలో నా ముందు రెక్క ఈడ్చుకుంటూ, దెబ్బ తగిలినట్టు పొర్లుతూ ఒకటే అరుపు. అయ్యో అని లేచి వెంట నడిచాను. నన్ను చెట్ల వరస దాకా నడిపించి, ఠక్కున ఎగిరిపోయింది. దెబ్బా లేదు, గిబ్బా లేదు. అక్కడ గుడ్లూ లేవు. అవి పార్కుకి అటు చివర ఉన్నాయి. అంటే నన్ను పిలిచి మరీ తప్పుదారి పట్టించింది. మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత అక్కడే గడ్డిలో కూర్చున్నాను. పిల్ల చెప్పింది ఇదే కదా. అరవడం తప్పు కాదు. ఎక్కడ నిలబడి అరుస్తున్నామో చూసుకోవాలి.

ఇవాళ టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కోప్పడుతుందని చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వెళ్ళాను. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "ఆ కంచె వైపు జనం వస్తూనే ఉన్నారండీ, నోటి మాట పాకింది, ఏం చెయ్యాలో తోచడం లేదు" అంది. నాకొకటి తోచింది అన్నాను. ఏమిటో తర్వాత రాస్తాను. పని అయ్యేదాకా ఎవరికీ చెప్పనని నాకు నేనే మాటిచ్చుకున్నాను.

నాన్న


మార్చి 24

నాన్నా,

నీ ఉత్తరం నిన్న క్రేను దిగాక చదివాను, మంచి పని చేశాను.

నువ్వు తల దించుకోకు. నా జోకుకీ అందులో వాటా ఉంది, నీ ఒక్కడిదే కాదు. ఇవాళ పొద్దున మా సిగ్నలు మనిషికి నీ సంగతంతా చెప్పాను. ఆయన మాటలు తక్కువ మనిషి, పని అలాంటిది. "పిల్లలు గుడ్ల చుట్టూ నిలబడ్డారా" అని అడిగాడు. అవునన్నాను. "నేలని చూసుకుని వెళ్ళమంది చూడు, అది నేర్పితే రాదు" అన్నాడు. ఆ మాట నేను రోజంతా పైన కూర్చుని తలుచుకున్నాను.

ఆ పిల్ల అలా నిలబడగలగడం ఎక్కడి నుంచి వచ్చింది నాన్నా? నేను క్రేను ఎక్కుతానంటే మన వీధంతా నవ్వింది. నువ్వొక్కడివే మన ఇంటి గోడ మీద నా పేరు రాసి కింద "క్రేను డ్రైవరు" అని రాశావు, నేను ఇంకా పరీక్ష కూడా రాయకముందే. అప్పుడు నిన్ను తిట్టాను. ఆ అక్షరాలు చూసుకునే చదివాను.

మిగిలిన మూడు గుడ్లు ఎలా ఉన్నాయి? నీకేం తోచిందో రాయకపోతే ఈసారి మా ఇద్దరికీ నిద్ర పట్టదు.

అమ్మడు


ఏప్రిల్ 4

మా అమ్మడికీ అల్లుడుగారికీ, మళ్ళీ నేల వదిలిన కాళ్ళతో నాన్న దీవెనలు.

ఆలస్యమైంది, పనిలో ఉన్నాను. నా జీవితంలోకెల్లా పెద్ద బోర్డు రాశాను. ఈసారి అరుపు ఎక్కడంటే పార్కు పెద్ద గేటు పక్కన, స్కేటింగ్ గ్రౌండుకి పూర్తిగా అటు చివర. టీచరమ్మ పార్కు ఆఫీసులో అడిగి ఒప్పించింది. తోటమాలి కర్రలు పాతాడు. ఆ పసుపు రేకు పక్కన ఇంకో మూడు రేకులు చేర్చి, మొత్తం ఆకుపచ్చ పూశాను.

దాని మీద నా మాట ఒక్కటీ లేదు. బడి వదిలాక క్లాసు పిల్లలంతా వచ్చి నా చుట్టూ కూర్చుని, వాళ్ళ పత్రికలోది చదివేవాళ్ళు. నేను బొమ్మ వేసి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క ముక్క బాగుచేద్దామన్నా ఒప్పుకోలేదు. కొన్ని నీకోసం ఇక్కడ రాస్తున్నాను.

"కప్ప. మేము వెళ్తే ఆపేస్తుంది. మేము ఊరుకుంటే మొదలుపెడుతుంది."

"ఉడత. గింజలు దాచిన చోటు మర్చిపోతుంది. చెట్లు అందుకే మొలుస్తాయని మాకు అనుమానం."

"ముంగిస. రెండుసార్లు చూశాం. రెండోసారి అదే మమ్మల్ని చూసింది."

నలభై ఏళ్ళు నేను రాసిన వాటిలో ఇంత మంచి మాటలు ఒక్క బోర్డు మీదా లేవు. సబ్బుల వాళ్ళకి ఈ పిల్లలు దొరికి ఉంటే సబ్బులు మిగిలేవి కావు.

మన పిడుగు మొదటి రెండు రోజులూ రాలేదు. మూడో రోజు వచ్చి వెనక నిలబడింది. నేను వెనక్కి తిరగలేదు. బ్రష్షు మాత్రం నిదానంగా తిప్పుతున్నాను. చాలాసేపటికి, "తాతయ్యా, ముంగిస తోక ఇంకా లావుగా ఉండాలి" అంది.

లావు చేశాను. అడిగితే ఏనుగంత చేసేవాణ్ణి.

ఆ తర్వాత నా పక్కన కూర్చుని రంగు డబ్బా పట్టుకుంది. "తీతువు ఎక్కడ వెయ్యమంటావు" అని అడిగాను. "వద్దు. చోటు మాత్రం వదులు" అంది. సరిగ్గా నట్టనడుమ చోటు వదిలాను. ఖాళీ ఆకుపచ్చ. ఇదేమిటని అడిగిన వాళ్ళందరికీ, "ఇంకా ఆరలేదు" అని చెప్పాను.

జనం చూడాలి నువ్వు. సాయంత్రం అయితే గేటు దగ్గరే ఆగిపోతున్నారు. పిల్లల్ని ఎత్తుకుని ముంగిస దగ్గర చదివిస్తున్నారు, కప్ప కోసం కొలను వైపు వెళ్తున్నారు. కంచె మూలకి పోయేవాడు లేడు. మంగలి మాత్రం "ఆ గుడ్ల సంగతి ఏమైంది బాబాయ్" అని నన్ను నాలుగుసార్లు అడిగాడు. "ఏ గుడ్లు" అన్నాను. గడ్డం సగంలో ఆపి నా నుదురు తాకి చూశాడు, జ్వరమేమో అని.

ఇక అసలు మాట. కాగితం ఇంకా ఉంది, భయపడకు. ఐదు రోజుల కిందట మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. మూడూ. నేను చూశాను. పిడుగు నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దూరం నుంచి చూపించింది. పుట్టిన రోజే నడిచే పిల్లలమ్మా అవి. దూదిపింజలకి కాళ్ళు మొలిచినట్టున్నాయి. తల్లి ఒక చిన్న కూత వేస్తే ఎక్కడివక్కడ నేలకి అంటుకుపోయి రాళ్ళయిపోతాయి. మళ్ళీ పిలిస్తే లేస్తాయి. నేను ఏడ్చాను. "చప్పుడు చెయ్యకు తాతయ్యా" అంది. చప్పుడు లేకుండా ఏడ్చాను.

నిన్న ఆ ఖాళీ చోటులో తీతువు బొమ్మ వేశాను, పక్కన మూడు పిల్లలు. కింద ఏం రాయమంటావు అంటే, తన పత్రికలోది చదివింది. నేను రాస్తూ ఒకచోట ఆగిపోయాను. నీకు ఇక్కడ అలాగే రాస్తున్నాను, అక్షరం మార్చలేదు.

"తీతువు. రాళ్ళలో గుడ్లు పెడుతుంది. ఎండలో తడి పొట్టతో కూర్చుంటుంది. దానికి గొంతు పెద్దది, కానీ గుడ్లు లేని చోటికి వెళ్ళి అరుస్తుంది. ఇది మా తాతయ్య కూడా నేర్చుకున్నాడు."

గేటు దగ్గర, నీడ అక్షరాలతో, నా చేత్తోనే రాశాను. వచ్చినవాళ్ళంతా అది చదివి, నావైపు చూసి నవ్వుతున్నారు. నేను ఇంకాస్త నిటారుగా నిలబడుతున్నాను. నలభై ఏళ్ళలో ఎవరెవరి పేర్లో రాశాను తల్లీ, నా గురించి రాసిన బోర్డు ఇదొక్కటే.

తీతువు పిల్లలు ఇప్పుడు స్కేటింగ్ గ్రౌండులో లేవు. తల్లి వాటిని వేరే చోటికి నడిపించుకుపోయింది. ఆ చోటు ఈ ఊళ్ళో ఇద్దరికే తెలుసు. పిడుగు కనిపెట్టింది, నాకొక్కడికే చెప్పింది. టీచరమ్మకి కూడా రేపే చెబుతుందట. నాలుగు రోజులుగా నా నోట్లో నువ్వుగింజ నానుతోంది.

ఎక్కడో అడక్కు. నీకు కూడా రాయను.

నాన్న